ఎడమ చెవి

రాగిరేకు మీద గీసిన గీత వెంట మేస్త్రి చేతిలో కత్తెర కదులుతోంది. రేకు పలచన, గీత అంతకన్నా పలచన. తెగి పడాల్సింది బొటనవేలి గోరంత ముక్క. పైన కాస్త వెడల్పుగా మొదలై, కిందికి వచ్చేసరికి సన్నబడి, కొసన ఒక పక్కకి వంగుతుంది. జారబోయిన చెమట చుక్క మనసు మార్చుకుని ఆగినట్టుంటుంది ఆ ఆకారం. ఎదురుగా గోడకి అంటించిన ఫోటోలో, చచ్చిపోయిన నల్లకుక్క నుదుటి మీద సరిగ్గా అలాంటి తెల్లమచ్చే ఉంది. బల్ల కింద బుట్టలో నిద్రపోతున్న కుక్కపిల్ల నుదురు మాత్రం నల్లగా, నున్నగా ఉంది.

ఆ తేడా లేకుండా చెయ్యడమే మేస్త్రి పని.

పోయిన కుక్క చర్మంలోంచి గోరంత ముక్క తీసి, దాన్నుంచి మళ్ళీ అదే కుక్కని పుట్టించే కంపెనీ అది. పై అంతస్తులో చదువుకున్నవాళ్ళు గాజుపలకల మీద చేసేది చేస్తారు. కింద వరస గదుల్లో అద్దె కడుపు మోసే ఆడకుక్కలుంటాయి. పుట్టిన పిల్లలో రక్తం అదే, ఎముక అదే, పుట్టబోయే జబ్బులు కూడా అవే. కానీ మచ్చలు మాత్రం ఎవరి మాటా వినవు. కడుపులో వాటికి ఎక్కడ పడాలనిపిస్తే అక్కడ పడతాయి, ఒక్కోసారి పడనే పడవు. మొదట్లో వచ్చిన ఇద్దరు ముగ్గురు కుక్కపిల్ల మొహం చూసి, "ఇది మాది కాదు" అని గుమ్మంలోనే వదిలేసి పోయారు. ఇంత సైన్సూ ఒక మచ్చ దగ్గర బోర్లా పడిందని కంపెనీకి అప్పుడు తెలిసింది. అప్పుడే ఒక మంచి చెయ్యి కోసం వెతకడం మొదలుపెట్టారు.

మేస్త్రిది విగ్గుల పని. నేర్పినవాడు లేడు. చూసి నేర్చుకున్నాడు, పాడుచేసి నేర్చుకున్నాడు. కుర్రతనంలో ఒకసారి నాటకంలో రాజు వేషానికి విగ్గు కట్టి, పాపిడి ఒక పక్క తియ్యాల్సింది ఇంకో పక్క తీశాడు. నాటకాల యజమాని ఏమీ తిట్టలేదు. ఆ విగ్గు అతని నెత్తినే పెట్టి, నాటకం అయిపోయేదాకా గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపమన్నాడు. వచ్చినవాళ్ళందరూ రాజుగారికి దండాలు పెట్టి లోపలికి వెళ్ళారు. తప్పు పని గడప దాటకూడదని అతను ఆ సాయంత్రమే నేర్చుకున్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఒక్క విగ్గు వెనక్కి రాలేదు. మిషను విగ్గులొచ్చాక ముందుకి పోవడం కూడా మానేశాయి. దుకాణం మూసిన నెలకి కంపెనీవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. పాలు పట్టడానికి మనిషి కావాలంటే, మేస్త్రి భార్య కూడా వెంట వచ్చింది. ఆమెని అక్కడందరూ పిన్ని అంటారు.

నల్ల వెంట్రుక మీద తెల్ల రంగు వేస్తే నిలవదు. కాబట్టి చలివాత పెట్టాలి. ముందు మచ్చ ఆకారంలో రాగి ముద్ర చేసి, పొగలు కక్కే చల్లటి ద్రవంలో ముంచాలి. ఆ తర్వాత గొరిగిన చర్మం మీద అదిమి పట్టి అంకెలు లెక్కపెట్టాలి. రెండంకెలు తగ్గితే వెంట్రుక మళ్ళీ నల్లగానే వస్తుంది. రెండు ఎక్కువైతే అసలు రాదు, బోడి మిగులుతుంది. సరిగ్గా పడితే ఆ చోట చర్మం రంగు మర్చిపోయి, రెండు నెలలకి తెల్ల వెంట్రుక మొలుస్తుంది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగు కుక్కపిల్లల్ని పాడుచేశాక మేస్త్రి చేతికి అబ్బింది. పాడైన నాలుగూ వెనక గదికి వెళ్ళాయి. వెనక గదికి వెళ్ళింది తిరిగి రాదు. అక్కడి పని డాక్టరమ్మ ఒక సూదితో చేస్తుంది.

మచ్చలతో మొదలైన పని మచ్చలతో ఆగలేదు. తన కుక్క కుంటేది కాబట్టి పిల్ల కూడా కుంటాలన్నాడు ఒకాయన. కాలి పని డాక్టరమ్మ చేసింది. మేస్త్రి పాత వీడియో పక్కన పెట్టుకుని పిల్లని నడిపించి చూశాడు.

"ఇంకొంచెం లోపలికి పడాలమ్మా పాదం," అన్నాడు.

ఇంకొంచెం లోపలికి పడేలా చేశారు. ఆ పెద్దమనిషి గుమ్మంలో పిల్ల నడక చూసి భోరున ఏడ్చాడు. మేస్త్రికి అంతకుమించిన మెప్పు అక్కర్లేకపోయింది.

ఇప్పుడు చేతిలో ఉన్నది పద్నాలుగో నంబరు, ఒకావిడది. పదకొండేళ్ళు బతికి పోయిన నల్లకుక్క, నుదుట తెల్లమచ్చ, ఎప్పుడో ఏ కుక్కతోనో కాట్లాడి తెచ్చుకున్న చెవి గాటు. కడుపులో మూడు పడ్డాయి. ఒకటి పుడుతూనే పోయింది. మిగిలిన రెంటికీ కంపెనీ ఒకటి, రెండు అని పేర్లు పెట్టింది. పిన్ని పెద్దోడు, చిన్నోడు అంది.

పెద్దోడికి వాత పెట్టిన రోజునే చెవి పనీ అయింది. కొరికిన చెవి కోసినట్టు కనబడకూడదు. అందుకని మేస్త్రి పాత ఇనప దువ్వెన పళ్ళు అరగదీసి ఒక పటకారు చేసుకున్నాడు. డాక్టరమ్మ తిమ్మిరి మందు ఎక్కించింది. ఫోటోలో గాటు ఎటుందో మళ్ళీ చూసుకుని, ఎడమ చెవి అంచున పటకారు పెట్టి నొక్కి లాగాడు. గింజంత ముక్క ఊడొచ్చింది. అంచు చిరుగులు చిరుగులుగా, అచ్చం పంటిగాటులా ఉంది. తల్లి నాకితే పుండు మానదని పిల్లని ఆ రోజే తల్లి దగ్గర్నుంచి తీసేశారు. తల్లి రెండు రోజులు ఊచలు గీకింది. మూడో రోజుకి దాని గదిలో పదిహేనో నంబరు పని మొదలైంది.

చిన్నోడికి ఏ గుర్తూ పెట్టలేదు. పెద్దోడు చెడితే పనికొస్తాడని ఉంచారంతే. పాలసీసా అందుకోలేని బక్కప్రాణి అది. పిన్ని గంటకోసారి దూదితో నోట్లో పాలు పిండి బతికించింది. ఆమె మేనేజర్ని పట్టుకుని వదల్లేదు.

"బాబూ, పెద్దోణ్ణి ఇచ్చేశాక వీణ్ణి నాకివ్వు. నీకు పుణ్యముంటుంది."

"పుణ్యం సంగతి దేవుడెరుగు పిన్నీ, నా ఉద్యోగం పోతుంది. లోకంలో ఇలాంటిది ఇంకోటి ఉండదని ఆవిడకి కాగితం రాసిచ్చాం."

"మచ్చ లేదు, గాటు లేదు. వట్టి నల్లకుక్క. వీధికి నాలుగుంటాయి. వీడెవడో నువ్వు చెప్పాలి, నేను చెప్పాలి."

మేనేజరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గుర్తులు పడనిది కాబట్టి సరే. సంచిలో పెట్టుకుని వెళ్ళిపో. నేను చూడలేదు. గుర్తు పడిందైతే మాత్రం నా తల్లి అడిగినా ఇవ్వను."

ఆ మాటతో పిన్ని ఇంట్లో కిటికీ కింద పాత దుప్పటి కూడా మడిచి పెట్టేసింది.

పెద్దోడి నుదుట తెల్ల వెంట్రుక దట్టంగా మొలిచింది. అప్పగింతకి పది రోజులుందనగా మేనేజరు ఇంకో ఫోటో తెచ్చాడు. ఖాతాదారుల మొహాలు బయటపడకూడదని అంతవరకూ కుక్క తలకాయ ఒక్కటే కత్తిరించి ఇచ్చేవారు. ఈసారి మెడపట్టీ పని ఉంది. పాత పట్టీ కుక్కతోపాటే పూడ్చేశారు. పిల్ల మెడకి సరిపడే కొత్త పట్టీని సరిగ్గా అంతే అరగదీసి ఇవ్వాలి కాబట్టి, మొత్తం ఫోటో ఇవ్వక తప్పలేదు.

ఫోటోలో ఆవిడ కుక్క మెడ చుట్టూ ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో ఫోను పట్టుకుని తనే తీసుకుంది. మేస్త్రి పట్టీ రంధ్రాలు లెక్కపెడుతూ పైకి చూశాడు. ఆవిడ చొక్కా మీద ఏవో పెద్ద అక్షరాలున్నాయి. చదవబోతే కుదరలేదు. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

ఫోటో తీసుకెళ్ళి గోడ అద్దం ముందు పట్టాడు. అద్దంలో అక్షరాలు చక్కగా నిలబడ్డాయి. గాటు కుడి చెవికి వెళ్ళింది, మచ్చ తోక రెండో పక్కకి వంగింది. మనల్ని మనం తీసుకునే ఫోటో అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తుందని, ఆ ఫోన్లో ఎవరూ సరిచెయ్యలేదని అర్థమైంది. చొక్కా కత్తిరించకుండా ఇచ్చి ఉంటే మొదటిరోజే పట్టుకునేవాడు. ముప్పై ఏళ్ళు మనుషుల వెనక నిలబడి, అద్దంలో చూస్తూ విగ్గులు సర్దిన కన్ను అది. తలకాయ ఒక్కటీ చూసి మోసపోయింది.

పాలసీసాలు కడుగుతున్న పిన్ని అతని మొహం చూసి దగ్గరికొచ్చింది. ఫోటో చూసింది, అద్దం చూసింది. ఆమెకి విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడేగా చూశాను."

"అయితే ఇక్కడితో ఆపు. నీ నోటికి తాళం వెయ్యి."

"తప్పు పనే, ఎలా ఇస్తాం?"

"ఏవయ్యా, ఆవిడ కుక్కని పెంచుకుందా, చెవిని పెంచుకుందా? నువ్వు నోరు విప్పితే చిన్నోడి చెవి తెగుతుంది. తెగితే వాణ్ణి ఆవిడకిస్తారు. మరి పెద్దోడు? గుర్తులు పడ్డోణ్ణి బయటికి పోనిస్తారా? తిన్నగా వెనక గదే. నోరు మూసుకుంటే ఇద్దరూ బతుకుతారు, ఒకడు మనింటికొస్తాడు. ఇందులో లెక్క కట్టడానికేముంది?"

"పదకొండేళ్ళు నిమిరిన చెయ్యే అది. కళ్ళు మూసుకుని పట్టుకున్నా తెలుస్తుంది. గుమ్మంలో పట్టుకుని ఇది నాది కాదంటే?"

"అనదు."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. "నీ పుట్టుమచ్చ కుడి చెంప మీద, చెవి తమ్మెకి రెండు వేళ్ళ కింద. దాని మీద ఒక్క వెంట్రుక. వారానికోసారి నాకు తెలీకుండా కత్తిరిస్తావు." కళ్ళు తెరిచాడు. "తెలుస్తుందా, తెలీదా?"

పిన్ని చెయ్యి చెంప మీదికి వెళ్ళింది.

"అందరికీ నీ చేతులుండవయ్యా," అంది చివరికి.

సోమవారం సోమవారం డాక్టరమ్మ పిల్లల్ని చూసి దస్త్రంలో రాస్తుంది. ఆ సోమవారం మేనేజరు కూడా పక్కనే ఉన్నాడు. పెద్దోడి మచ్చ కొలిచి, "అద్భుతం మేస్త్రిగారూ, మీ చేతికి మొక్కాలి," అందామె.

ఆ మెప్పు తీసుకోవడం మేస్త్రి వల్ల కాలేదు. "ఫోటో తిరగబడింది డాక్టరమ్మా. గాటు కుడి చెవికుండాలి, నేను ఎడమకి పెట్టాను. మచ్చ వంపూ తప్పే," అన్నాడు.

మేనేజరు కళ్ళతో సైగ చేసేలోపే డాక్టరమ్మ కలం కదిలింది. "రాసేశాను సార్," అంది.

బయటికి వచ్చాక మేనేజరు అతన్ని గోడవారకి లాగాడు. "నా చెవిలో చెబితే నీ సొమ్మేం పోయేదయ్యా? దస్త్రంలో పడ్డాక నేను దేవుణ్ణా? పిల్లకి జలుబు చేసిందని ఆవిడకి చెప్పి రెండు నెలలు తోస్తాను. రెండోదానికి మొదలుపెట్టు."

"మొదటిదాన్ని నాకివ్వండి సార్. మచ్చ మీద నల్లరంగు వేస్తాను. నెలనెలా వేస్తాను."

"చెవికేం అతికిస్తావు? పిండా?"

విగ్గుల వాడు చాలా అతికించాడు గానీ చెవి ఎప్పుడూ అతికించలేదు.

ఆ రోజు నుంచి పిన్ని అతనితో మాట్లాడడం మానేసింది. ఇంట్లో ఏదైనా చెప్పాలంటే గోడకి చెప్పేది. "ఆ చేతుల మేస్త్రికి భోజనం చల్లారిపోతోందని ఎవరైనా చెప్పండి." కిటికీ కింద దుప్పటి మాత్రం తియ్యలేదు.

తలకాయ ఫోటోని మేస్త్రి ఇక నమ్మలేదు. పెద్దోణ్ణి బల్ల మీద అద్దం ముందు కూర్చోబెట్టి, అద్దంలోని పెద్దోణ్ణి చూసి రాగిరేకు కోశాడు. కుక్కపిల్ల అద్దంలో తనని చూసుకుని తోక ఊపింది, మొరిగింది, మూతితో అద్దాన్ని పొడిచింది. మేస్త్రి ఓపిగ్గా ఆవిరి తుడిచి మళ్ళీ గీత సరిచూసుకున్నాడు. ఇంతకన్నా మంచి నమూనా అతనికి ఏనాడూ దొరకలేదు. రెండో ముద్ర మొదటిదానికన్నా బాగా కుదిరిందని అతనికే తెలుసు.

చిన్నోణ్ణి పట్టుకోవడానికి పిన్ని రాలేదు. చిన్న చెక్కపెట్టెలో కూర్చోబెట్టి తోలుపట్టీలతో కట్టారు. అంకెలు పూర్తయ్యేదాకా అది అరవలేదు. ఆ తర్వాత కుడి చెవికి పటకారు. తిమ్మిరి మందు సరిగా ఎక్కలేదేమో, అప్పుడు అరిచింది. గోడ అవతల సీసాలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ మొదలైంది.

చిన్నోడి వెంట్రుక తెల్లగా వస్తుందో రాదో తేలేదాకా పెద్దోణ్ణి ఉంచారు. ఆ రెండు నెలలూ పిన్ని ఇద్దరికీ ఒకే కొలత పోసింది. పెద్దోడు బాగా ఒళ్ళు చేశాడు. మేస్త్రి అడుగు చప్పుడు వింటే చాలు, అద్దం ముందు కూర్చోబెడతాడని ముందే బల్ల దగ్గరికి పరిగెత్తేవాడు.

అప్పగింత రోజు పొద్దున్నే డాక్టరమ్మ వచ్చింది. "పిన్నీ, నువ్వు పట్టుకుంటే కదలదు. ఒక్క నిమిషం."

పిన్ని తడిచేతులు తుడుచుకుంది. "తప్పు పట్టినాయనున్నాడుగా. ఆయన్నే పట్టుకోమను. మంచి చేతులు."

మేస్త్రి పట్టుకున్నాడు. వెనక గదిలో బల్ల, దీపం, సింకు, అంతే. పెద్దోడు గదంతా చూశాడు. అద్దం కనబడక మేస్త్రి మొహంలోకి చూశాడు. సూది దిగుతుంటే అతని బొటనవేలు నాకాడు. వేలికి పట్టీ అరగదీసిన నూనె వాసన ఉంది. నాలుక ఇంకా వేలి మీద ఉండగానే ఆగింది. మేస్త్రి చెయ్యి వెంటనే తియ్యలేదు. అలవాటు కొద్దీ అతని చూపు మచ్చ మీదికి పోయింది. అంచు ఎక్కడా చెదరలేదు. ఒక్క నల్ల వెంట్రుక లేదు.

"సంతకం పెట్టండి," అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. ఫోటోలో ఉన్న చొక్కాయే వేసుకొచ్చింది, కుక్క గుర్తుపడుతుందన్నట్టు. మేనేజరు తలుపు తీశాడు. మేస్త్రి చిన్నోణ్ణి ఎత్తుకొచ్చి నేల మీద దించాడు. చివరి పాలు పట్టిన సీసాతో పిన్ని గోడవార నిలబడింది.

ఆవిడ మోకాళ్ళ మీద కూలబడింది. "వచ్చావా నాన్నా, వచ్చావా," అంటూ రెండు చేతులా మొహం పట్టుకుంది. మేస్త్రి ఆ చేతులే చూస్తున్నాడు. అతను రెండు నెలలుగా ఎదురుచూసింది ఆ చేతుల కోసమే. ఆవిడ వేళ్ళు తల నిమురుతూ, వెతుక్కుంటూ, నేరుగా ఎడమ చెవి దగ్గరికి వెళ్ళాయి. అంచు పొడుగునా తడిమాయి. అంచు నున్నగా ఉంది. ఇంకోసారి తడిమాయి.

"గాటు ఏదీ?"

"ఇటుందండీ," అన్నాడు మేస్త్రి, కుడి చెవి చూపించి.

"అటా? కాదే, ఇటు కదా." ఆవిడ ఫోను తీసి చూపించింది. "చూడండి. ఎడమ చెవి."

మేనేజరు చేతులు కట్టుకుని, మనల్ని మనం తీసుకునే ఫోటో ఎలా తిరగబడుతుందో, ఆవిడ చొక్కా మీది అక్షరాలు చూపిస్తూ వివరించాడు. కుక్క పోయాక ఫోన్లో మిగిలిన ఫోటోలన్నీ అలాంటివేనని ఆవిడే ఒప్పుకుంది.

"నిజమే అయ్యుంటుందిలెండి. ఏడాదిగా రోజూ ఈ ఫోటోనే చూసుకుంటున్నాను. నాకిలాగే అలవాటైపోయింది." మళ్ళీ చిన్నోడి మొహం చూసింది, ఫోను చూసింది. మొహంలో ఏదో కాస్త వెలితి పడింది. "ఏదో తేడాగా ఉంది. ఎడమకే ఉంటే బాగుండేది. అలాంటిది లేదా మీ దగ్గర?"

"లేదండీ," అన్నాడు మేనేజరు. "లోకంలో ఇదొక్కటే. రాసిచ్చాం కదా."

గోడవార సీసా కింద పడలేదు. పిన్ని దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకునే ఉంది. రెండు నెలల తర్వాత ఆ రోజు మొదటిసారి ఆమె మేస్త్రి కళ్ళలోకి తిన్నగా చూసింది. అనాల్సింది అద్దం పక్కన నిలబడి ఎప్పుడో అనేసింది.

"పర్లేదులెండి," అంది ఆవిడ లేస్తూ. "అలవాటు పడతాను."

మేస్త్రి మోకాలి మీద కూర్చుని, అరగదీసిన పట్టీ చిన్నోడి మెడకి చుట్టాడు. పాత కుక్కకి మూడో రంధ్రం. ఆ మూడో రంధ్రానికే కొక్కెం వేసి, కింద వేలు దూర్చి బిగువు చూశాడు. సరిపోయింది. తాడు తగిలించి, కొస రెండు మడతలు వేసి ఆవిడ కుడి చేతికి అందించాడు.

ఆవిడ దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని, కుక్కపిల్లని లాక్కుంటూ గడప దాటింది.